వీఎస్ కోడ్‌లో సొంత షార్ట్‌కట్ పనిచేయకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజంతా వీఎస్ కోడ్ అనే కోడ్ రాసే ఎడిటర్‌లోనే ఉండేవాళ్లకి షార్ట్‌కట్ చేతి అలవాటు. అది పనిచేయకపోతే చెయ్యి ఆగుతుంది, దానితోపాటు ఆలోచన కూడా తెగిపోతుంది. ఆ చిరాకులో చాలామంది సెట్టింగులన్నీ కెలికి, ఎడిటర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, చివరికి మౌస్‌తో సర్దుకుపోతారు. ఇన్‌స్టాల్ చేస్తే లాభం లేదు, ఎందుకంటే మామూలుగా ఎడిటర్ తీసేసినా మీ షార్ట్‌కట్ల ఫైల్ మీ యూజర్ ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది, కొత్త ఎడిటర్ వచ్చి మళ్లీ ఆ ఫైల్‌నే చదువుకుంటుంది.

మీరు నొక్కిన కీ కమాండ్ దాకా చేరాలంటే చాలా చేతులు మారాలి. ముందు కీబోర్డు, తర్వాత విండోస్ లేదా లైనక్స్ లేదా మ్యాక్, తెలుగు టైపింగ్ పెట్టుకుని ఉంటే అది, ఆ తర్వాతే ఎడిటర్, అందులో మీరు రాసుకున్న నియమం. ఎవరి దగ్గర ఆగిపోయిందో ముందు కనుక్కోండి, సెట్టింగులు ఆ తర్వాత మార్చొచ్చు. కింద ఏ ప్రశ్నకైనా నేను చెప్పేది ఇదే.

ఒక చిన్న సంగతి: కీల పేర్లు, కమాండ్ల పేర్లు ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. ఎడిటర్‌లో అవి ఇంగ్లిష్‌లో కనిపిస్తాయి, మీరు టైపు చేసేటప్పుడు కూడా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

షార్ట్‌కట్ పెట్టాను, నొక్కితే ఏమీ జరగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి కమాండ్ పాలెట్, అంటే కమాండ్ పేరు కొట్టి వెతికే పెట్టె తెరవండి. అందులో "డెవలపర్: టోగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్" అనే కమాండ్ ఉంటుంది, మొత్తం టైపు చేయక్కర్లేదు, చివరి రెండు పదాలు కొడితే చాలు. దాన్ని ఎంచుకోగానే కింద అవుట్‌పుట్ ప్యానెల్ తెరుచుకుంటుంది. ఇక మీరు ఏ కీ నొక్కినా ఎడిటర్‌కి ఏం అందింది, దాన్ని ఏమని అర్థం చేసుకుంది, ఏ కమాండ్ నడిపింది, అన్నీ అక్కడ వరుసగా రాస్తూ పోతుంది.

ఎడిటర్‌లో ఒకసారి క్లిక్ చేసి, పనిచేయని మీ షార్ట్‌కట్‌ని ఒక్కసారి మాత్రమే నొక్కండి. పదిసార్లు నొక్కితే లాగ్ నిండిపోయి ఏ లైను దేనిదో తెలియదు. పని అయిపోయాక అదే కమాండ్ మళ్లీ ఇచ్చి ఆపేయండి.

ఇంత మంచి సాధనం ఎడిటర్‌లోనే ఉన్నా చాలామందికి తెలియదు. నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిశాక షార్ట్‌కట్ల విషయంలో ఊహించడం మానేశాను.

ఆ లాగ్ చూస్తే అంతా గజిబిజిగా ఉంది. అందులో ఏం చూడాలి?

నిజానికి చూడాల్సింది మూడు నాలుగు లైన్లే. ఉదాహరణకి కంట్రోల్+ఎస్ నొక్కారనుకోండి. మొదటి లైను "రిసీవ్డ్ కీడౌన్ ఈవెంట్" అని మొదలవుతుంది, అందులో కంట్రోల్ నొక్కి ఉందని, కోడ్ "కీఎస్" అని, కీకోడ్ 83 అని ఉంటుంది. దాని కింద "రిజాల్వింగ్" అనే లైను, అంటే ఈ కీలకి తగిన నియమం వెతుకుతున్నానని చెబుతోంది. ఆఖరి లైనులో తీర్పు ఉంటుంది.

తీర్పులో "మ్యాచ్డ్" అని ఉండి పక్కన మీరు అనుకున్న కమాండ్ పేరే ఉంటే షార్ట్‌కట్ బాగానే ఉంది, తేడా ఆ కమాండ్‌లోనే ఉంది. వేరే కమాండ్ పేరు ఉంటే మీ కీలని ఇంకొకరు వాడుకుంటున్నారు. "నో వెన్ క్లాజెస్ మ్యాచ్డ్" అని ఉంటే నియమం దొరికింది కానీ అది ఎప్పుడు పనిచేయాలో చెప్పే షరతు కుదరలేదు. "నో కీబైండింగ్ ఎంట్రీస్" అంటే ఆ కీలకి అసలు నియమమే లేదు, మీరు సేవ్ చేయలేదేమో, ఇంకో ప్రొఫైల్‌లో చేశారేమో చూడండి.

కంట్రోల్ నొక్కినట్టు ఒక లైను పడి, రెండో కీకి ఏ లైనూ పడలేదంటే మాత్రం కీ మీ ఎడిటర్ దాకా రాలేదు. అప్పుడు ఎడిటర్ సెట్టింగులు ఎంత మార్చినా ఉపయోగం లేదు. బయట ఎవరో మధ్యలో పట్టుకున్నారు, వాళ్లెవరో వెతకాలి.

బయట పట్టుకునేది ఎవరు?

ముందు ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్+ఎల్ స్క్రీన్ లాక్ చేస్తుంది, ఆల్ట్+ట్యాబ్ విండోలు మారుస్తుంది, వీటిని ఎడిటర్‌లో పెట్టుకోవాలని చూడకండి. ఆ తర్వాత వెనక నడిచే సాఫ్ట్‌వేర్లు. వీఎస్ కోడ్‌లో ఆల్ట్+జెడ్ పొడవైన లైన్లని మడిచి చూపిస్తుంది కదా, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుతో వచ్చే ఓవర్‌లేకి, అంటే స్క్రీన్ మీద తేలే ప్యానెల్‌కి కూడా మొదటినుంచీ అదే షార్ట్‌కట్. రెండూ ఉన్న లాప్‌టాప్‌లో ఆల్ట్+జెడ్ నొక్కితే గేమ్ రికార్డింగ్ ప్యానెల్ పైకి వస్తుంది. ఓవర్‌లే సెట్టింగుల్లో ఆ కీ మార్చుకోండి, అవసరం లేదనుకుంటే ఓవర్‌లేనే ఆపేయండి.

ఇంటెల్ గ్రాఫిక్స్ పాత డ్రైవర్లు ఉన్న మెషీన్లలో కంట్రోల్+ఆల్ట్+కింది బాణం నొక్కితే స్క్రీన్ మొత్తం తలకిందులు అవుతుంది. విండోస్‌లో వీఎస్ కోడ్‌కి అదే కంట్రోల్+ఆల్ట్+కింది బాణం కింద లైనులో ఇంకో కర్సర్ పెట్టే షార్ట్‌కట్. తొలిసారి చూసినవాళ్లు మానిటర్ పాడైందని టెన్షన్ పడతారు. కంట్రోల్+ఆల్ట్+పై బాణంతో స్క్రీన్ మామూలుగా వస్తుంది, తర్వాత గ్రాఫిక్స్ సెట్టింగుల్లో హాట్‌కీలు ఆపేస్తే ఇక రాదు.

నేను పెట్టింది కాకుండా వేరే కమాండ్ నడుస్తోంది. ఎందుకు?

ఒకే కీలకి రెండు మూడు నియమాలు ఉండొచ్చు, ఎడిటర్ దానికి ఒప్పుకుంటుంది. ఎవరు గెలుస్తారన్నదానికి పద్ధతి ఉంది: నియమాల జాబితాని కింది నుంచి పైకి చదువుతుంది, కీలు, షరతు రెండూ కుదిరిన మొదటి నియమం దగ్గర ఆగిపోతుంది. ఎడిటర్‌తో వచ్చినవి పైన ఉంటాయి, మీరు అదనంగా వేసుకున్న ఎక్స్‌టెన్షన్లవి వాటి తర్వాత, మీరు రాసుకున్నవి అన్నిటికంటే కింద. అందుకే మామూలుగా మీ మాటే నెగ్గుతుంది. అయినా నెగ్గలేదంటే, మీ ఫైల్‌లోనే ఎప్పుడో రాసి మరిచిపోయిన ఇంకో నియమం దానికంటే కింద ఉండొచ్చు, లేదా మీ షరతు కుదరక పైన ఉన్నదానికి అవకాశం వచ్చి ఉండొచ్చు.

కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ నొక్కితే కీబోర్డ్ షార్ట్‌కట్స్ పేజీ వస్తుంది. మీ కమాండ్ వెతికి దాని మీద రైట్ క్లిక్ చేస్తే "షో సేమ్ కీబైండింగ్స్" ఉంటుంది. అదే కీలు ఎవరెవరు వాడుతున్నారో ఒకే చోట కనిపిస్తుంది. చివరి నిలువు వరుస "సోర్స్"లో అది ఎడిటర్‌ది అయితే సిస్టమ్ అని, మీది అయితే యూజర్ అని, ఎక్స్‌టెన్షన్‌ది అయితే దాని పేరు ఉంటుంది.

అక్కర్లేనిదాన్ని రైట్ క్లిక్ చేసి "రిమూవ్ కీబైండింగ్" కొట్టండి. అలా తీసేస్తే మీ ఫైల్‌లో ఆ కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తుతో ఒక నియమం చేరుతుంది. ఆ మైనస్ చూసి ఏదో తప్పు పడిందనుకుని చెరిపేసేవాళ్లున్నారు. చెరిపితే పాత షార్ట్‌కట్ తిరిగి వచ్చేస్తుంది, అది మీరు కావాలని పెట్టిన అడ్డు.

"వెన్" అనే కాలమ్ ఉంది. దాన్ని ఖాళీగా వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు. అప్పుడు ఎడిటర్‌లో ఎక్కడ ఉన్నా, అంటే ఫైల్‌లో, సెర్చ్ పెట్టెలో, పక్కన ఫైళ్ల జాబితాలో ఎక్కడ నొక్కినా ఆ కమాండ్ నడుస్తుంది. కొన్నిటికి అది బాగుంటుంది, ఎంటర్, ట్యాబ్, ఎస్కేప్ లాంటి కీలకి మాత్రం షరతు లేకుండా ఎప్పుడూ పెట్టకండి. షరతు లేకుండా ట్యాబ్‌కి ఏదైనా తగిలిస్తే సజెషన్లు ఒప్పుకోవడం, ఇండెంట్ చేయడం అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, అసలు కారణం మాత్రం తట్టదు.

ఎక్కువగా వాడే షరతు "ఎడిటర్‌టెక్స్ట్‌ఫోకస్", అంటే కర్సర్ ఫైల్‌లో ఉన్నప్పుడు మాత్రమే. పైథాన్ ఫైళ్లలోనే కావాలంటే "ఎడిటర్‌ల్యాంగ్‌ఐడీ" పైథాన్‌కి సమానం అని రాయాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే ఒకటే ఈక్వల్ గుర్తు పెట్టడం, రెండు పెట్టాలి. కీబోర్డ్ షార్ట్‌కట్స్ పేజీలోనే రైట్ క్లిక్ చేసి "చేంజ్ వెన్ ఎక్స్‌ప్రెషన్" ద్వారా మార్చుకుంటే ఫైల్ ముట్టుకోనక్కర్లేదు.

మీరు ఉన్న చోట ఏ షరతులు నిజమో తెలియకపోతే "డెవలపర్: ఇన్‌స్పెక్ట్ కాంటెక్స్ట్ కీస్" అనే కమాండ్ ఇచ్చి స్క్రీన్ మీద కావలసిన చోట క్లిక్ చేయండి, డెవలపర్ కన్సోల్‌లో మొత్తం జాబితా వస్తుంది. పెద్ద జాబితా, ఓపికగా చూడాలి.

తెలుగు టైపింగ్ ఆన్‌లో ఉంటే షార్ట్‌కట్లు పనిచేయడం లేదు.

తెలుగులో రాస్తూ మధ్యలో కోడ్ కూడా రాసే మనలాంటివాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే బాధ. ముందు మీరు వాడేది ఏ రకమో చూడండి, ఎందుకంటే రెండు రకాలకీ చిక్కు వేరు.

ఫొనెటిక్ అయితే, అంటే ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే కింద తెలుగు పదాలు సూచనలుగా వచ్చే రకం అయితే, పదం పూర్తయ్యేదాకా మీ కీలు ఆ సాధనం గుప్పిట్లో ఉంటాయి. పదం కింద గీత కనిపిస్తున్నంతసేపు ఎంటర్, ట్యాబ్, అంకెలు, బాణాలు ఎడిటర్‌కి రావు, సూచన ఎంచుకోవడానికే పోతాయి. లాగ్ చూస్తే మీకే అర్థమవుతుంది: ఏ కీ నొక్కినా కీకోడ్ 229 అని పడుతుంది. 229 కనిపిస్తే "ఇది టైపింగ్ సాధనం చేతిలో ఉంది" అని అర్థం. స్పేస్ కొట్టి పదాన్ని పూర్తి చేయండి, లేదా ఎస్కేప్ కొట్టండి, ఆ తర్వాత షార్ట్‌కట్ నొక్కండి.

ఇన్‌స్క్రిప్ట్ అయితే సూచనలు ఉండవు, నొక్కగానే అక్షరం పడుతుంది. కె దగ్గర క, ఎల్ దగ్గర త, ఎస్ దగ్గర ఏత్వం. ఇక్కడ చిక్కు వచ్చేది గుర్తుల దగ్గర. ఇంగ్లిష్‌లో స్లాష్ ఉండే కీ ఇన్‌స్క్రిప్ట్‌లో య అవుతుంది, సెమీకోలన్ ఉండే కీ చ అవుతుంది. కామెంట్ పెట్టే కంట్రోల్+స్లాష్ లాంటి షార్ట్‌కట్ మొండికేస్తే, గుర్తు పేరుతో కాకుండా కీ ఉన్న స్థానంతో నియమం రాసుకోవచ్చు. ఫైల్‌లో కీ పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, కంట్రోల్+[స్లాష్] అన్నట్టు. అప్పుడు ఆ కీ మీద ఏ భాష అక్షరం ఉన్నా ఎడిటర్ స్థానమే చూస్తుంది. అక్షరాల కీలకి కూడా ఇదే పద్ధతి, కంట్రోల్+[కీఎస్] లాగా. ఏ కీ ఏ స్థానం కిందికి వస్తుందో "డెవలపర్: ఇన్‌స్పెక్ట్ కీ మ్యాపింగ్స్" చూపిస్తుంది.

కోడ్ రాస్తుండగా ఉన్నట్టుండి తెలుగు అక్షరాలు పడుతున్నాయి. నేను భాష మార్చలేదు.

మీకు తెలియకుండా మార్చారు. విండోస్‌లో రెండు భాషలు ఉంటే ఎడమ ఆల్ట్+షిఫ్ట్ వాటి మధ్య తిప్పుతుంది. వీఎస్ కోడ్‌లో షిఫ్ట్+ఆల్ట్+కింది బాణం లైనుని కిందికి కాపీ చేస్తుంది, షిఫ్ట్+ఆల్ట్+ఎఫ్ ఫైల్‌ని సర్దుతుంది. ఆ రెండు కీలు నొక్కి, మనసు మార్చుకుని మూడోది నొక్కకుండా వదిలేసినా, మూడో కీ సరిగ్గా పడకపోయినా భాష మారిపోతుంది.

ఒక సాయంత్రం నాకు సరిగ్గా ఇదే జరిగింది. ఒక సెట్టింగుల ఫైల్‌లో లైను కాపీ చేసి విలువ మార్చబోతే ఒక గుణింతం గుర్తు పడింది, వెంటనే చెరిపేశాను, కానీ లైను చివర ఒక చిన్న సున్న మిగిలిపోయింది. ఆ ఫాంటులో అది దుమ్ము చుక్కలా ఉంది. ప్రోగ్రామ్ ఎందుకు మొరాయిస్తోందో వెతుకుతూ గంటన్నర కూర్చున్నాను. మర్నాడే ఆల్ట్+షిఫ్ట్ తీసేశాను.

తీసే దారి ఇది: విండోస్ సెట్టింగుల్లో టైమ్ అండ్ ల్యాంగ్వేజ్, అందులో టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, చివర ఇన్‌పుట్ ల్యాంగ్వేజ్ హాట్ కీస్. అక్కడ "చేంజ్ కీ సీక్వెన్స్" నొక్కి రెండు వైపులా "నాట్ అసైన్డ్" పెట్టండి. భాష మార్చడానికి విండోస్+స్పేస్ ఎలాగూ ఉంది, అది పొరపాటున నొక్కేది కాదు.

కంట్రోల్+ఆల్ట్‌తో పెట్టిన షార్ట్‌కట్ నొక్కితే రూపాయి గుర్తు పడుతోంది!

మీ కీబోర్డ్ లేఅవుట్ "ఇంగ్లిష్ ఇండియా" అయి ఉంటుంది. అందులో కుడి ఆల్ట్+4 కొడితే ₹ వస్తుంది, విండోస్‌కి కుడి ఆల్ట్ అన్నా కంట్రోల్+ఆల్ట్ అన్నా ఒకటే. కాబట్టి కంట్రోల్+ఆల్ట్+4కి మీరు ఏం పెట్టినా గుర్తుతో గొడవ తప్పదు. ₹ తరచుగా వాడనివాళ్లు లేఅవుట్‌ని "ఇంగ్లిష్ యూఎస్"కి మార్చుకోవచ్చు. బిల్లులు, లెక్కలు రాసేవాళ్లకి ₹ కావాలి కనుక షార్ట్‌కట్‌నే వేరే కీలకి మార్చుకోవడం మంచిది.

లైనక్స్‌లో కంట్రోల్+చుక్క నొక్కితే కింద గీత ఉన్న e అనే ఇంగ్లిష్ అక్షరం వస్తోంది.

అది ఐబస్ ఎమోజీ కీ. తెలుగు టైపింగ్ కోసం చాలామంది వాడేది ఐబస్సే, దాని ఎమోజీ షార్ట్‌కట్, వీఎస్ కోడ్‌లో క్విక్ ఫిక్స్ షార్ట్‌కట్ రెండూ కంట్రోల్+చుక్కే అయ్యాయి. ఐబస్ ప్రిఫరెన్సెస్ తెరిచి ఎమోజీ ట్యాబ్‌లో ఆ షార్ట్‌కట్ తీసేయండి. తెలుగు టైపింగ్‌కి ఏ ఇబ్బందీ ఉండదు.

లైనక్స్‌లోనే ఇంకొకటి: క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకున్నవాళ్లకి ఆ మార్పు మిగతా అన్నిచోట్లా పనిచేసి ఇక్కడ మాత్రం పనిచేయదు. సెట్టింగుల్లో "కీబోర్డ్ డిస్పాచ్" వెతికి "కీకోడ్" అని పెట్టి, ఎడిటర్ మూసి మళ్లీ తెరవండి.

రెండు మెట్ల షార్ట్‌కట్ పెట్టాను, మొదటి మెట్టుకే వేరే పని జరుగుతోంది.

కంట్రోల్+కె నొక్కి వదిలి, ఆ తర్వాత కంట్రోల్+సి నొక్కడం లాంటివి వీఎస్ కోడ్‌లో చాలా ఉన్నాయి. మొదటిది నొక్కగానే కింద స్టేటస్ బార్‌లో రెండో కీ కోసం ఎదురుచూస్తున్నానని చెబుతుంది. ఆ మాట రాకపోతే మొదటి కీకే ఎవరో ఒక కమాండ్ తగిలించారు. మీరే ఎప్పుడో కంట్రోల్+కె ఒక్కదానికే ఏదైనా పెట్టి ఉంటే, దానితో మొదలయ్యే జంటలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. తిరగేసి చూసినా అంతే, కంట్రోల్+డి తో మొదలయ్యే జంట ఒకటి పెట్టారంటే మామూలు కంట్రోల్+డి నొక్కినప్పుడల్లా ఎడిటర్ రెండో కీ కోసం ఆగుతుంది.

టెర్మినల్‌లో ఉన్నప్పుడు మాత్రం పనిచేయడం లేదు.

అక్కడ చాలావరకు కీలు షెల్‌కే, అంటే టెర్మినల్‌లో మీరు కొట్టే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌కే పోవాలి, లేకపోతే టెర్మినల్ వాడటమే కష్టం. ఏ కమాండ్ల కీలని షెల్‌కి ఇవ్వకుండా ఎడిటర్ ఉంచుకోవాలో "కమాండ్స్ టు స్కిప్ షెల్" అనే సెట్టింగులో జాబితా ఉంటుంది. మీ కమాండ్ ఐడీ అందులో చేర్చండి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: బాష్ అనే షెల్‌లో లైను చివరిదాకా చెరిపే కంట్రోల్+కె షెల్‌కి అందదు, ఎడిటర్ దాన్ని జంటలో మొదటి మెట్టు అనుకుంటుంది. టెర్మినల్ సెట్టింగుల్లో "అలౌ కార్డ్స్" ఆపేస్తే అందుతుంది.

ఎఫ్5, ఎఫ్12 నొక్కితే సౌండు, వెలుతురు మారుతున్నాయి.

లాప్‌టాప్ ఎఫ్ఎన్ కీ మహిమ అది. ఎఫ్ఎన్‌ని కీబోర్డే తనలో తాను చూసుకుంటుంది, చాలా మెషీన్లలో ఎడిటర్‌కి దాని సంగతే తెలియదు, అందుకే ఎఫ్ఎన్‌తో షార్ట్‌కట్ పెట్టుకోలేరు. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్+ఎస్కేప్ కొడితే ఎఫ్ వరుస మామూలు కీలుగా మారుతుంది. కాకపోతే బయోస్‌లో, అంటే లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో చూడండి.

మ్యాక్‌లో ఏవి జాగ్రత్తగా చూసుకోవాలి?

కంట్రోల్+స్పేస్. తెలుగు కీబోర్డు చేర్చినప్పటి నుంచి సజెషన్లు రాకుండా భాష మారుతోందంటే కారణం ఇదే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర టిక్ తీసేయండి. కంట్రోల్+బాణాలు మిషన్ కంట్రోల్‌వి, వాటిని కూడా అక్కడే వదిలించుకోవచ్చు.

ఎక్స్‌టెన్షన్ అడ్డొస్తోందని అనుమానం, ఏదో తెలియడం లేదు.

ముందు సోర్స్ కాలమ్ చూడండి, అక్కడే దొరికిపోవచ్చు. విమ్ అనే పాత ఎడిటర్ కీలని ఇక్కడికి తెచ్చే విమ్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఉంటే కంట్రోల్+డి, కంట్రోల్+ఎఫ్ లాంటివి అది తీసుకుంటుంది, దాని "యూజ్ కంట్రోల్ కీస్" సెట్టింగు ఆపాలి. ఏదీ తేలకపోతే "హెల్ప్: స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్" కమాండ్ ఇవ్వండి. అది సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి సమస్య ఇంకా ఉందా అని అడుగుతుంది, మీరు చెప్పినదాన్ని బట్టి మిగిలినవాటిని మళ్లీ సగం చేస్తుంది. ఇరవై ఎక్స్‌టెన్షన్లు ఉన్నా నాలుగైదుసార్లలో దొంగ దొరుకుతాడు.

"కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తే మాత్రం తిరగేసిన కథ: మీ షార్ట్‌కట్ పిలుస్తున్న కమాండ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ తీసేశారు, లేదా కమాండ్ పేరులో అక్షరం తప్పు.

ఆఫీసు లాప్‌టాప్‌లో ఉన్న షార్ట్‌కట్లు ఇంట్లో మ్యాక్‌కి రాలేదు, సింక్ ఆన్‌లోనే ఉంది.

షార్ట్‌కట్లని ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌వి దానికే విడిగా సింక్ చేయడం దాని మామూలు పద్ధతి. విండోస్‌వి విండోస్‌కే పోతాయి. అన్నిటికీ ఒకటే కావాలంటే సెట్టింగుల్లో "కీబైండింగ్స్ పర్ ప్లాట్‌ఫామ్" టిక్ తీసేయండి. కానీ మ్యాక్‌లో కమాండ్ కీ ఉంటుంది, విండోస్‌లో ఉండదు కాబట్టి రెండూ వాడేవాళ్లకి విడిగా ఉంచుకోవడమే నయం. ఒకే మెషీన్‌లో పోయాయంటే ప్రొఫైల్ మారిందేమో చూడండి, ప్రొఫైల్‌కో షార్ట్‌కట్ల జాబితా ఉండొచ్చు.

బ్రౌజర్‌లో వీఎస్ కోడ్ వాడుతున్నాను, కంట్రోల్+డబ్ల్యూ నొక్కితే ట్యాబే మూసుకుపోతోంది.

కంట్రోల్+డబ్ల్యూ, కంట్రోల్+ఎన్, కంట్రోల్+టి బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకుంటుంది. వేరే కీలు పెట్టుకోండి.

మరి కొత్త షార్ట్‌కట్‌కి ఏ కీలు ఎంచుకుంటే గొడవ ఉండదు?

నా అలవాటు చెబుతాను. కంట్రోల్+కె తో మొదలుపెట్టి, రెండో మెట్టుగా ఖాళీగా ఉన్న ఒక అక్షరం. ఆపరేటింగ్ సిస్టమ్, ఓవర్‌లేలు, భాష మార్చే కీలు సాధారణంగా రెండు మెట్ల జోలికి రావు, అందుకని బయటి గొడవ ఉండదు. ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవడానికి కీబోర్డ్ షార్ట్‌కట్స్ పేజీలో సెర్చ్ పెట్టె పక్కన చిన్న కీబోర్డు బొమ్మ ఉంటుంది, అది నొక్కి మీరు అనుకున్న కీలు కొట్టండి, ఇప్పటికే వాడుతున్నవి వస్తాయి. ఒక వేలితో టక్కున నొక్కాల్సినవి రెండో మూడో ఉంటాయి, వాటికి మాత్రం ఒక మెట్టు కీలు ఉంచుకోండి.

అంతా కలగాపులగం అయిపోయింది, మొదటినుంచి మొదలుపెట్టాలి.

కమాండ్ పాలెట్‌లో "ప్రిఫరెన్సెస్: ఓపెన్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ జేసన్" తెరవండి. పక్కన "డిఫాల్ట్" అన్న పదంతో ఇంకొకటి ఉంటుంది, అది చదవడానికి మాత్రమే, అది కాదు. మీ ఫైల్‌లో ఉన్నదంతా ముందు ఇంకో చోట కాపీ చేసి దాచుకోండి, తర్వాత చదరపు బ్రాకెట్లు రెండూ ఉంచి మధ్యలోది చెరిపి సేవ్ చేయండి. ఎడిటర్ మూయనక్కర్లేదు, సేవ్ అయిన వెంటనే అమల్లోకి వస్తుంది. ఇక దాచుకున్నవాటిలో రోజూ వాడేవి ఒక్కొక్కటీ తెచ్చి పెట్టి, ఒక్కొక్కటీ నొక్కి చూసుకుంటూ పోండి. ఫైల్‌లో ప్రతి నియమం పక్కన రెండు స్లాష్‌లు పెట్టి ఎందుకు పెట్టుకున్నారో ఒక ముక్క రాసుకోవచ్చు, ఈ ఫైల్ వ్యాఖ్యలకి ఒప్పుకుంటుంది.